బిడ్డకట్టు

మొదట పేరు సంగతి తేల్చుకోవాలి. మా అమ్మాయి దాన్ని 'ర్యాప్' అంటుంది. తెలుగులో మాట లేదా అని నేనడిగితే, "వస్తువే మనది కాదు కదమ్మా, మాట ఎక్కణ్ణించి వస్తుంది?" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈ టపా రాయడానికి కారణం ఆ ముల్లే.

వస్తువు వర్ణనకు చాలా సులభం. 4.6 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చేనేత గుడ్డ. అంతే. గుండీ లేదు, కొక్కెం లేదు, పట్టీ లేదు. రెండు కొసలూ ఏటవాలుగా కత్తిరించి కుట్టి ఉంటాయి. చంటిబిడ్డను ఒంటికి ఆనించి ఈ గుడ్డతో కట్టుకుంటే తల్లికి రెండు చేతులూ ఖాళీ అవుతాయి. అమ్మాయి స్నేహితురాలు హైదరాబాదు నుంచి పంపింది. ఐరోపాలో ఎవరో ఇంట్లో మగ్గం పెట్టుకుని నేసినదట. ఇలాంటివి కొన్నవాళ్లు ఒకరికొకరు అరువిచ్చుకుంటారనీ, మూడు వారాలు వాడి చూసి ఉతికి తిరిగి పంపాలనీ చెప్పింది. ధరెంతో చెప్పలేదు. చెప్పకపోవడంలోనే నాకు సగం అర్థమయింది.

అది ధనుర్మాసం. పురిటికి వచ్చిన అమ్మాయి అయిదో నెల నడుస్తున్నా ఇంకా మా ఇంట్లోనే ఉంది. మనుమరాలిది ఒకటే పంతం: ఎత్తుకుంటే నవ్వు, దింపితే ఏడుపు. నాకు మోకాళ్ల నొప్పులు, అమ్మాయికి నడుం నొప్పి. అల్లుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలకు వస్తాడు. ఎనభై దాటిన మా అమ్మ మంచం మీద కూర్చుని మా అందరికీ సలహాలిస్తుంది. పొట్లం విప్పిన రోజు మా ఇంటి పరిస్థితి ఇదీ.

ముందుగా అయిదు కిలోల బియ్యం సంచితో సాధన చేశాం. గుడ్డ నడిమిభాగాన్ని రొమ్ముకు అడ్డంగా పెట్టుకోవాలి. కొసలు రెంటినీ వీపు మీద గుణకారం గుర్తులా దాటించి, భుజాల మీదుగా ముందుకు తెచ్చుకోవాలి. అలా ఏర్పడిన సంచిలోకి బిడ్డను పైనుంచి దించాలి. అప్పుడు అంచు నుంచి అంచు దాకా, చీర కుచ్చిళ్లు సవరించుకున్నట్టు, వదులంతా కొంచెం కొంచెంగా లాగెయ్యాలి. కొసలను బిడ్డ పిరుదుల కింద ఒకదానిపై ఒకటి దాటించి, తొడల కిందుగా వెనక్కి తీసుకుపోయి నడుము దగ్గర ముడి వేయాలి. వినడానికి చక్రవ్యూహంలా ఉంటుంది గానీ, ఆరుగజాల చీర కట్టుకోవడం వచ్చిన మనిషికి ఇదొక లెక్క కాదు. నాకు మూడోసారికే పట్టుబడింది. జీన్సు ప్యాంట్లలో పెరిగిన మా అమ్మాయికి పదోసారికి గాని రాలేదు. ఆ ముచ్చట చూసి నేను గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

బియ్యం సంచి స్థానంలోకి బిడ్డ వచ్చిన క్షణం మాత్రం గర్వం పోయి భయం వేసింది. కట్టగానే కాళ్లు తన్నుకుని కెవ్వుమంది. "కట్టి నిలబడితే ఊరుకోరు, నడవాలట" అంది అమ్మాయి. వరండాలో పదడుగులు వేశాను. ఏడుపు సన్నగిల్లింది. వీధిలోకి వెళ్లి బందరు కాలువ గట్టు దాకా నడిచాను. తిరిగి వచ్చేసరికి నా గుండెల మీద తల వాల్చి నిద్రపోతోంది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఏం చేయాలో తోచక, దారిలో కొన్న తోటకూర కట్టలను రెండు చేతులా పట్టుకుని వచ్చాను.

గుమ్మంలో మా అమ్మ ఎదురయింది. పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమిటే ఆ కట్టుడు? సోది చెప్పేదానిలా! నలుగురూ చూశారా?"

చూశారు. ఆ నలుగురిలో ఇద్దరి ముఖాల్లో ఇదే ప్రశ్న నాకు కనిపించింది కూడా.

అమ్మ కోపంలో రెండు సంగతులున్నాయి. మొదటిది పిల్ల గురించి: ఎత్తు మరుగుతుందని, చంక దిగని పిల్లవుతుందని. తరతరాలుగా మనం నమ్ముతున్న మాటే ఇది. దీనికి సమాధానం వెతికితే, 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో హుంజికర్, బార్ అనే ఇద్దరు వైద్యులు ప్రచురించిన పరిశోధన దొరికింది. 99 మంది తల్లీబిడ్డల జంటలను రెండు జట్లు చేసి, ఒక జట్టు తల్లులను రోజూ అదనంగా మూడు గంటలు బిడ్డను ఎత్తుకోమన్నారు. ఏడ్చినప్పుడే కాదు, ఊరికే ఉన్నప్పుడు కూడా. ఆరు వారాల వయసు వచ్చేసరికి ఆ జట్టు పిల్లలు రెండో జట్టు కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. అప్పటికే విపరీతంగా ఏడ్చే పిల్లల మీద ఇది పెద్దగా పనిచెయ్యలేదని తరువాత బార్ బృందమే తేల్చింది. కాబట్టి ఇది దివ్యౌషధం కాదు. కాని ఎత్తుకుంటే పిల్ల చెడిపోతుందనే భయానికి ఆధారం కూడా కనపడలేదు.

రెండోది పిల్ల గురించి కాదు, మన గురించి. 'సోది చెప్పేదానిలా' అన్న పోలికలో అమ్మకు తప్పు కనపడలేదు. నిజానికి పోలిక తప్పు కాదు. మా చిన్నప్పుడు "సోదె చెబుతానమ్మ సోదె" అంటూ వచ్చిన ఎరుకలమ్మ వీపున గుడ్డలో ఒక పసివాడు ఎప్పుడూ ఉండేవాడు. బుట్ట చేతిలో, బిడ్డ వీపున, ఊరు కాళ్ల కింద. అదే ఎరుకలసాని వేషంలో శ్రీనివాసుడు పద్మావతి తల్లి దగ్గరికి వెళ్లినప్పుడు సాక్షాత్తు బ్రహ్మదేవుణ్ణే పసిబిడ్డను చేసి ఎత్తుకువెళ్లాడని మన వెంకటాచల కథల్లో చెబుతారు. దేవుడు ఆ వేషం వేస్తే కథగా విని చేతులు జోడిస్తాం. వీధిలో ఆ మనిషే ఎదురయితే ముఖం తిప్పుకుంటాం. మన మధ్యతరగతి ఇళ్లల్లో బిడ్డ చేతుల్లోనో, ఉయ్యాలలోనో, ఇప్పుడైతే చక్రాల బండిలోనో ఉండాలి. ఒంటికి కట్టుకోవడం పనిచేసుకు బతికేవాళ్ల గుర్తు. అందుకే అది మన కళ్ల ముందే ఉన్నా మనది కాదనుకున్నాం.

మరి ఇదే కట్టు జర్మనీకి ఎలా వెళ్లింది? ఎరికా హోఫ్‌మన్ అనే ఆమెకు కవలలు పుట్టారు. ఇద్దరినీ మొయ్యలేక మెక్సికో స్త్రీలు బిడ్డలను కట్టుకునే రెబోజో అనే శాలువాను వాడి చూసింది. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. 1972లో డిడిమోస్ అనే సంస్థ పుట్టింది. గ్రీకులో ఆ మాటకు కవల అని అర్థం. ఆమెను నేను తప్పుపట్టడం లేదు. మెక్సికోలో పల్లెటూరి స్త్రీ భుజం మీద ఉన్నదాన్ని ఆమె చిన్నచూపు చూడలేదు, విద్యగా చూసింది. మనం చెయ్యనిది సరిగ్గా అదే.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో నెలతక్కువ పిల్లలను ఉంచే ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డను తల్లి రొమ్ముకు చర్మం చర్మం తాకేలా ఆనించి కట్టించడం మొదలుపెట్టాడు. లేమిలో పుట్టిన ఉపాయం. కంగారూ సంరక్షణ అని పేరొచ్చింది. దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెడితే తక్కువ బరువు బిడ్డల మరణాలు నాలుగోవంతు తగ్గాయని 2021లో ప్రచురితమైన అయిదు దేశాల అధ్యయనం చెప్పింది. అందులో మన ఢిల్లీ ఆసుపత్రి కూడా ఒకటి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసుగా ప్రకటించింది. పేదవాడి ఉపాయం శాస్త్రమవడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

రెండో వారంలో అల్లుడు వచ్చాడు. పిల్లను కట్టుకుని ప్రకాశం బ్యారేజీ వైపు బయలుదేరాడు. మగవాడు బిడ్డను కట్టుకుని నడవడం బెజవాడకు కొత్తే. టీ కొట్టు దగ్గర ఒకాయన ఆపి, "అమ్మగారికి ఒంట్లో బాగోలేదా?" అని పరామర్శించాడట. బాగానే ఉందంటే నమ్మలేదట. కాని నేను గమనించింది వేరు. అప్పటిదాకా తండ్రి చేతుల్లో పది నిమిషాలు నిలవని పిల్ల ఆ రోజు గంటన్నర ఉంది. ఆ తరువాత వాడికే దగ్గరయింది. తల్లికి పాలున్నాయి, అమ్మమ్మకు పాటలున్నాయి, తండ్రికి ఏమీ లేదనుకునేదాన్ని. ఒక గుడ్డ ఉంటే సరిపోయింది.

ఇంత చెప్పాక జాగ్రత్తలు చెప్పకపోతే పాపం. బిడ్డ ముఖం ఎప్పుడూ కనపడుతూ ఉండాలి, వంగితే నుదుట ముద్దుపెట్టుకోగలిగినంత ఎత్తులో. గడ్డం రొమ్ముకు అతుక్కోకూడదు, కనీసం వేలు దూరేంత సందుండాలి. వదులుగా కడితే బిడ్డ కిందికి జారి ముడుచుకుపోతుంది, అప్పుడు ఊపిరాడదు. జోలెలా వేలాడే సంచుల్లో ఇరవై ఏళ్ల కాలంలో కనీసం 14 మంది శిశువులు చనిపోయారని 2010లో అమెరికా ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. నాలుగు నెలలు నిండనివాళ్లు, నెలతక్కువ పిల్లలు, జలుబుతో ఊపిరి తీసుకోలేనివాళ్ల విషయంలో డాక్టరును అడక్కుండా కట్టవద్దు. కాళ్లు నిటారుగా వేలాడకూడదు. తొడలు విడివడి, మోకాళ్లు పిరుదుల కంటే ఎత్తులో ఉండాలి. తుంటి కీళ్లకు అదే మంచిది. మనం చంకనెత్తుకున్నప్పుడు పిల్ల కూర్చునే తీరు దాదాపు అదే. పొయ్యి దగ్గరికి వద్దు. స్కూటరు మీద అసలే వద్దు. ఈ గుడ్డ ప్రమాదంలో ఎవరినీ కాపాడదు. రోహిణి కార్తెలో మన ఊళ్లో రెండు ఒళ్లు ఒకచోట కట్టుకుని మధ్యాహ్నం తిరగడమంటే ఇద్దరికీ వడదెబ్బే.

మూడో వారం చివర గుడ్డ తిరిగి పంపాల్సిన రోజు దగ్గరపడింది. అప్పుడు నాకు ఒక సామెత గుర్తొచ్చింది: చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం. నా విషయంలో అది అక్షరాలా నిజమయింది. కృష్ణ దాటితే మంగళగిరి, మా ఇంటికి పదిహేను కిలోమీటర్లు లేదు. గుంటమగ్గాల ఊరు. గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్లాను.

నేతకారుడు పెద్దాయన. గుడ్డ అందుకుని ముందు వెలుతురుకు పట్టి చూశాడు, తరువాత ఏటవాలుగా లాగి చూశాడు. ఏటవాలుగా సాగింది. నిలువుకీ అడ్డానికీ సాగలేదు. "ఇదమ్మా దీని కిటుకు" అన్నాడు. బిడ్డ ఒళ్లు ఎటు ఒంపు తిరిగితే గుడ్డ అటు ఒదుగుతుంది, కాని బరువుకు కిందికి జారదు. మా మంగళగిరి చీర పనికిరాదా అని అడిగాను. నవ్వాడు. చీరకు వాడేది 80 నంబరు సన్న నూలు, అది ఒంటిమీద తేలాలి. ఇది బిడ్డను మొయ్యాలి. సన్నగుడ్డ భుజాన్ని కోస్తుంది. రెండు పోగులు పురిపెట్టిన ముతక నూలు కావాలి, పడుగూ పేకా సమానంగా ఉండాలి. ఈ ఏటవాలు గీతల నేతకు కాళ్ల కింద నాలుగు తొక్కుడు బద్దలు కావాలి, ఆయన మగ్గానికి రెండే. "సాదా నేతలో అయితే నేస్తాను. ఇంత సాగదు, కాని మొయ్యడానికి ఢోకా లేదు" అన్నాడు.

తరువాత అసలు ప్రశ్న వేశాడు. "ఒక్కదానికోసం పడుగెక్కించలేనమ్మా. అయిదైనా నెయ్యాలి. మీకొకటి, మిగతా నాలుగూ ఎవరు కట్టుకుంటారు?"

నా దగ్గర సమాధానం లేదు. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం నాడు నేత చీర కట్టుకుని కాలేజీకి వెళ్లేదాన్ని. 2015 నుంచి ఆ దినోత్సవం జరుగుతోంది. 2009-10 గణనలో దేశంలో 43.31 లక్షలున్న చేనేత పనివారు 2019-20 గణనకు 35.22 లక్షలయ్యారు. మన అభిమానం చీర దగ్గరే ఆగిపోయింది, చీర కట్టే రోజులు తగ్గిపోయాయి. నేతగాడికి కావలసింది సానుభూతి కాదు, అయిదు గుడ్డలకు కట్టుకునే మనుషులు. ఆయన ప్రశ్నలో ఉన్నది అదే. మాట్లాడుతుంటే ఆయన భార్య మగ్గం పక్క దూలం వైపు చూపించి, తమ పిల్లలంతా అక్కడే చీర ఉయ్యాలలో పెరిగారని చెప్పింది. నాడె చప్పుడే వాళ్లకు జోలపాట. "ఒంటికి కట్టుకోవచ్చని తెలిస్తే నేను కండెలు చుడుతూ కట్టుకునేదాన్ని" అంది.

అయిదూ నేయించాను. రంగు వద్దన్నాను. పళ్లొచ్చే పిల్లలు గుడ్డను నములుతారు, రంగు గట్టిదో కాదో నోట్లో తేల్చుకోలేం. నీరెండ రంగు నూలు అలాగే ఉంచమన్నాను. గంజి పోయేదాకా రాత్రంతా నానబెట్టి, ఆరేడు ఉతుకులు ఉతికాక మెత్తబడింది. ఐరోపా గుడ్డతో పోలిస్తే నిజం చెప్పాలి: బిగించడానికి ఓపిక ఎక్కువ కావాలి, సరిగా బిగించకపోతే భుజం దగ్గర ఒత్తుతుంది. కాని మన ఉక్కకు ఇదే నయం. గాలాడుతుంది, త్వరగా ఆరుతుంది. ఏడు కిలోల పిల్లను గంటసేపు మోశాను, నడుం పట్టలేదు. మూడింటిని బంధువుల పిల్లలు తీసుకున్నారు. ఒకటి మాది. ఒకటి బీరువాలో ఉంది.

కొత్త గుడ్డ ఉతికి ఆరేసిన రోజు మా అమ్మ దాన్ని చేత్తో తడిమి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మంగమ్మ గుర్తుందా నీకు?" అంది. లేదన్నాను.

మా ఊరు చల్లపల్లి దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మాకు గాలీ వానా తప్ప సముద్రం రాలేదు. సముద్రం వచ్చిన ఊళ్ల నుంచి బతికి బయటపడ్డవాళ్లు రెండు మూడు రోజుల తరువాత మా వైపు నడిచి వచ్చారు. వాళ్లలో మా పొలానికి నాట్లకు వచ్చే మంగమ్మ ఉందట. ఏడాది నిండని కొడుకును చీర కొంగుతో రొమ్ముకు కట్టుకుని, ఆ రాత్రంతా తాటిచెట్టును కరుచుకుని ఉందట. చేతులు చెట్టుకే సరిపోయాయి. బిడ్డను పట్టుకున్నది చీర. మా ఇంటి అరుగు మీద కూర్చున్నాక కూడా ముడి విప్పనిచ్చేది కాదట. నానిన ముడి బిగుసుకుపోయి, చివరికి మా అమ్మే కత్తిపీట తెచ్చి కోసి విప్పింది.

"నాట్లకు వచ్చినప్పుడు వాణ్ణలా కట్టుకునే వచ్చేది. పిల్లాణ్ణి అలా మూటలా కడతావేమే అని నేనే నవ్వేదాన్ని" అంది అమ్మ. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం తన ముని మనుమరాలిని నా ఒంటికి కడుతుంటే వెనక ముడి తనే వేసింది. చేతులు వణుకుతాయి గాని ముడి గట్టిగానే పడింది.

నా అభిప్రాయం ఇంతే. ఈ విద్య బయటి నుంచి రాలేదు. మన పొలాల గట్ల మీద, మన వీధి గుమ్మాల ముందు ఉంది. దాన్ని మోసినవాళ్లను మనం మనవాళ్లనుకోలేదు గనుక విద్యనూ మనది అనుకోలేదు. ఇప్పుడది విదేశీ పేరుతో తిరిగొస్తే ముచ్చటపడుతున్నాం. ముచ్చటపడడంలో తప్పు లేదు. కాని కట్టుకున్న ప్రతిసారీ అది ఎవరిదో ఒప్పుకోవాలి. కొనేటప్పుడు మన మగ్గం మీద నేయించాలి. పడుగుకు అయిదుగురు చాలు.

పేరు దగ్గర మొదలుపెట్టాను, పేరుతోనే ముగిస్తాను. జోలె అందామనుకున్నాను. అందులో భిక్షాటన వినపడుతుందన్నారు ఇంట్లో. ఆ బిడియం మళ్లీ ఎక్కణ్ణించి వచ్చిందో మీకు తెలుసు. చీరకట్టు, పంచెకట్టు ఉన్న భాషలో 'బిడ్డకట్టు' ఎందుకుండకూడదు? మా అమ్మాయి ఇప్పుడు అలాగే అంటోంది. అయితే ఇది నేను కట్టిన పేరు. పొలానికి వెళ్లే తల్లులు తమలో తాము దీన్ని ఏదో ఒక మాటతో పిలుచుకునే ఉంటారు. మంగమ్మ ఏమనేదో మా అమ్మకు జ్ఞాపకం లేదు, ఏనాడూ అడగలేదు. మీ ఊళ్లో ఇంకా చెప్పగలిగినవాళ్లు ఉంటే, దయచేసి అడిగి చెప్పండి. ఆ మాట దొరికిన రోజున నా మాటను సంతోషంగా కొట్టేస్తాను.